అపరాధ పరిశోధక నవల: పాఠకుడి ఋణం, పాఠకుడి సంకోచం

ప్రస్తావన

సాహిత్యాన్ని వృత్తిగా స్వీకరించినవారిలో చాలామందికి రెండు పఠన జీవితాలు ఉంటాయి. మొదటిది సదస్సులలో, సిద్ధాంత గ్రంథాలలో చెప్పుకోదగినది. రెండవది చెప్పుకోనిది. సాధారణంగా ఈ రెండవదే వయస్సులో పెద్దది. ప్రబంధాన్ని చేతపట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే డిటెక్టివ్ నవలను చేతపట్టి, దాని ద్వారానే అచ్చుపుటతో స్నేహం చేసినవారు మన శాఖలలో తక్కువమంది కారు. అయినా ఆ సంగతి మన ఆత్మపరిచయాలలోకి రాదు. వచ్చినా ఒక చిరునవ్వుతో, చిన్ననాటి అల్లరిని చెప్పుకున్నట్లుగా వస్తుంది.

ఈ వ్యాసం అపరాధ పరిశోధక నవల చరిత్ర కాదు. దాని సాహిత్య విలువను నిర్ణయించే ప్రయత్నమూ కాదు. ఆ నవలల పట్ల పాఠకుడికి ఏకకాలంలో కలిగే కృతజ్ఞత, సంకోచం అనే రెండు భావాలలో ఏది ఎంతవరకు న్యాయమైనది అన్నది ఇక్కడి ప్రశ్న. పైకి ఇది అభిరుచికి సంబంధించినదిగా కనిపిస్తుంది. నిజానికి ఇది నైతిక ప్రశ్న అని నా వాదం. ఈ వాదానికి నన్ను పురికొల్పిన సంఘటనను ముందుగా చెప్పడం ఉచితం.

కొన్నేళ్ల కిందట పరిశోధన ప్రవేశానికి జరిగిన ఒక మౌఖిక పరీక్షలో నేనూ ఒక సభ్యుడిని. పడమటి మండలాల నుంచి వచ్చిన ఒక విద్యార్థినిని, సాహిత్యం మీద ఆసక్తి ఎలా కలిగిందని అడిగాము. తన తల్లి టమోటా తోటలలో కూలికి వెళ్లేదని, ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి తానేనని, ఇరుగుపొరుగువారు చదివి పడేసిన యండమూరి, యద్దనపూడి నవలలు, అట్టలు లేని డిటెక్టివ్ పుస్తకాలు చదివి తెలుగు మీద మమకారం పెంచుకున్నానని ఆమె చెప్పింది. నేను నవ్వాను. అది ఎగతాళి నవ్వు కాదని ఆనాడు అనుకున్నాను. ఆమె మాత్రం క్షణకాలం ఆగి, గొంతు మార్చుకొని, గురజాడ, కట్టమంచి, రాచకొండ అంటూ పేర్లు చెప్పసాగింది. మేము మార్కులు వేసింది ఆ రెండవ జవాబుకు. మొదటి జవాబు నిజమని, రెండవది మా ముఖాలు చూసి తయారు చేసుకున్నదని నాకు తెలుసు. నా చదువు కూడా ఆమె చదువు మొదలైన చోటే మొదలైంది గనుక నాకది ఇంకా బాగా తెలుసు.

మద్రాసు నుంచి వచ్చిన పుస్తకాలు

తెలుగులో అపరాధ పరిశోధక నవల మొదట అనువాదంగా ప్రవేశించింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో బెంగాలీ నుంచి, ముఖ్యంగా పాంచ్‌కడీ దే రచనల నుంచి అనువాదాలు, అనుసరణలు వెలువడ్డాయి. దేవరాజు వెంకటకృష్ణారావు రాసిన 'వాడే వీడు'ను తొలి తెలుగు డిటెక్టివ్ నవలగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. అయితే ఈ ప్రక్రియ ఇంటింటికీ చేరింది స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో. కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఆనాటి పాఠకులకు చుట్టాలంత దగ్గరివారు. టెంపోరావు వంటి వారు రచయితలుగా, ప్రచురణకర్తలుగా ఈ విపణిని పెంచారు. ఆ పుస్తకాలకు ప్రధాన ప్రచురణ కేంద్రం మద్రాసు.

చిత్తూరు సీమకు మద్రాసు పొరుగూరు వంటిది. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1960లో తిరుత్తణి ప్రాంతం ఇక్కడి నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు గీతలు మారినా రాకపోకలు మారలేదు. వైద్యానికి, వ్యాపారానికి, సినిమాకు మద్రాసే దిక్కుగా ఉన్న కుటుంబాలకు, యుగంధర్ కారు తిరిగే వీధులు ఊహించుకోవడం కష్టమయ్యేది కాదు. మా ఊరి బస్టాండు పక్కన ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. పలక మీద పేరు, తారీఖు రాసుకొని పుస్తకం ఇచ్చేవారు. ఒక పూటలో చదివి తిరిగి ఇస్తే అద్దె సగమే తీసుకునేవారు. నాకు వేగంగా చదవడం నేర్పింది ఆ సగం అద్దె. చివరి పుటలు చిరిగిపోయిన పుస్తకాలను అంగడాయన ఉచితంగా ఇచ్చేవాడు. నాకు ఊహించడం నేర్పింది ఆ చిరిగిన పుస్తకాలు.

ఆ నవలలు నాకు ఇచ్చినవి ఏమిటని ఇప్పుడు నెమ్మదిగా లెక్క చూసుకుంటే మూడు కనిపిస్తాయి. వాక్యాన్ని వదలకుండా వెంబడించే అలవాటు మొదటిది. చిన్న వివరం వృథాగా ఉండదన్న నమ్మకం రెండవది. తరువాత తాళపత్ర ప్రతుల పాఠభేదాలు పోల్చవలసి వచ్చినప్పుడు ఈ రెండే నాకు పనికివచ్చాయి. మూడవది వీటికన్నా ముఖ్యమైనది. ప్రతి సంఘటనకూ మనుషుల లోకంలోనే కారణం ఉంటుందన్న పట్టుదల అది. 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథకు పది నియమాలు రూపొందించారు. మానవాతీత శక్తులకు కథలో చోటు లేదన్నది వాటిలో ఒకటి. ఆయన క్రైస్తవ మతాచార్యులు కావడం గమనించదగినది. దయ్యంగా కనిపించినది మనిషి పన్నాగమేనని చివరి ప్రకరణంలో తేలవలసిందే అన్న ఈ కట్టుబాటు, గాలి, ధూళి, దిష్టి అన్న మాటలు రోజూ వినిపించే ఊరిలో పెరిగిన పిల్లవాడికి చిన్న కానుక కాదు.

కథ పట్ల చులకన

ఇంత ఇచ్చిన పుస్తకాల పట్ల సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? మొదట తోచే సమాధానం హోదా. కథ కోసం చదవడం తక్కువ రకం పఠనమని, శైలి కోసం, రసం కోసం చదవడం ఎక్కువ రకమని మనకు ఎవరూ ప్రత్యేకించి బోధించరు. అయినా మనం నేర్చుకుంటాము. ఈ విలువల నిచ్చెన మన సంప్రదాయమే కట్టిందా అన్నది పరిశీలించాలి.

చిత్తూరు పట్టణాన్ని ఆనుకొని ఉన్న కట్టమంచిలో పుట్టిన సి. రామలింగారెడ్డి (1880-1951) 1914లో ప్రచురించిన 'కవిత్వతత్త్వ విచారము' ఆధునిక తెలుగు విమర్శకు పునాదిరాయిగా ప్రతి తెలుగు శాఖలోనూ పాఠ్యాంశం. ప్రబంధాలలోని మితిమీరిన వర్ణనలను నిరసించిన ఆయన, తన విచారణకు కేంద్రంగా ఎంచుకున్న కావ్యాలలో ప్రధానమైనది పింగళి సూరన 'కళాపూర్ణోదయము'. ఆ కావ్యం కథాకల్పనలో ఎంత చిక్కనిదో మనకు తెలుసు. అసలు నలకూబరుడెవరు, మాయా నలకూబరుడెవరు, అసలు రంభ ఎవరు, రంభ రూపం దాల్చినది ఎవరు అన్న అనుమానాలతో పాఠకుడు చాలా దూరం నడవాలి. పసిపాప మధురలాలస పూర్వ వృత్తాంతం చెప్పేదాకా ముడులు పూర్తిగా వీడవు. జరిగిన కథ ఒకటి, అది బయటపడే కథ మరొకటి అనే ద్వంద్వ నిర్మాణం డిటెక్టివ్ నవలకు ప్రాణమని ఆధునిక కథనశాస్త్రం చెబుతుంది. ఆ నిర్మాణం సూరనకు పదహారవ శతాబ్దంలోనే సుపరిచితం. రామలింగారెడ్డి సూరనలోని లోపాలనూ ఎత్తి చూపారు. కాని కథను కల్పించే శక్తిని కవిత్వ విచారణలో నడిమధ్యకు తెచ్చిన గౌరవం ఆయనది. ఆయన గ్రంథాన్ని పాఠం చెప్పే మనం కథ కోసం చదివే పాఠకుడిని చూసి నవ్వడం వింతగానే ఉంటుంది.

'కన్యాశుల్కం' సంగతి కూడా ఇటువంటిదే. ఆ నాటకంలోని ఉత్తరభాగాన్ని నడిపేది ఒక ఖూనీ కేసు. అదీ జరగని ఖూనీ. లుబ్ధావధాన్లు పెళ్లాడిన పిల్ల ఆడవేషంలో ఉన్న మహేశమేనని ప్రేక్షకుడికి ముందే తెలుసు. తెలిసినా ఉత్కంఠ తగ్గదు. ఆ నిజాన్ని న్యాయస్థానం దాకా చేర్చేది ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది గనుక. ఆ పనికి పూనుకున్నది పోలీసు కాదు, మధురవాణి.

ఇంకొక ఉదాహరణ ఆరుద్ర. రజాకార్ల దౌర్జన్యాల నేపథ్యంలో 'త్వమేవాహం' రాసిన కవి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలకు జీవితాన్ని ధారపోసిన పరిశోధకుడు, 'ఆనకట్ట మీద హత్య', 'పలకల వెండి గ్లాసు' వంటి డిటెక్టివ్ నవలలూ రాశారు. మనం మాత్రం ఆరుద్రను చదివేటప్పుడు ఆ నవలలను ఆయన బతుకుతెరువు ఖాతాలో వేసి పక్కన పెడతాము. సాహిత్య చరిత్రలో కవుల కాలనిర్ణయానికి ఆధారాలు కూర్చే మనస్సు, నవలలో హంతకుడికి వ్యతిరేకంగా ఆధారాలు కూర్చే మనస్సు ఒక్కటే కావచ్చునన్న ఆలోచన మనకు రాదు.

ఈ చులకన తెలుగువారికే పరిమితం కాదు. కోనన్ డాయిల్ తనకు ఇంతకన్నా మేలైన రచనలకు అడ్డు వస్తున్నాడని షెర్లాక్ హోమ్స్‌ను 1893లో చంపివేశారు. పాఠకుల కోరిక, ప్రచురణకర్తల ప్రోద్బలం వల్ల 1903లో మళ్లీ బతికించవలసి వచ్చింది. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో, అగాథా క్రిస్టీ నవలలోని హత్యను ఎవరు చేస్తే ఎవరికి కావాలి అని శీర్షికలోనే ఎద్దేవా చేస్తూ వ్యాసం రాశారు. బెంగాలీలో పరిస్థితి కొంత భిన్నం. శరదిందు బందోపాధ్యాయ చారిత్రక నవలలను, ఆయన బ్యోమకేశ్ కథలను ఒకే అరలో పెట్టుకోవడానికి అక్కడి పాఠకులు సంకోచించరు. డిటెక్టివ్ అన్న మాట నచ్చని బ్యోమకేశ్ తనను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు.

అయితే ఒక నిజాన్ని దాచకూడదు. ముడి విప్పిన తరువాత కూడా కళాపూర్ణోదయాన్ని మళ్లీ చదవగలం. కన్యాశుల్కాన్ని ఎన్నిసార్లయినా చదవగలం. చిన్ననాడు నన్ను రాత్రంతా మేలుకొలిపిన ఒక డిటెక్టివ్ నవల ఈమధ్య దొరికితే ఆశగా తెరిచాను. ఇరవై పుటలు దాటలేకపోయాను. హంతకుడు గుర్తున్నాడు. మిగిలినవారిలో గుర్తుంచుకోవలసినవారు ఎవరూ లేరు. ఇది గుణంలో ఉన్న తేడా. దానిని కాదనడం కృతజ్ఞత అనిపించుకోదు. కాని అప్పు ఇచ్చినవాడు పేదవాడని అప్పు రద్దు కాదు. హోదా నుంచి పుట్టిన సిగ్గు, పుస్తకంలోని లోపం కన్నా మన స్థానం గురించిన భయాన్నే ఎక్కువగా తెలుపుతుంది. కాబట్టి ఆ సిగ్గు న్యాయమైనది కాదు.

బావి దగ్గర అడిగిన ప్రశ్న

అయితే నా సంకోచానికి హోదాతో సంబంధం లేని మరొక మూలం ఉంది. దానిని చెప్పకుండా పై వాదంతో ఆగిపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు.

నాకు పధ్నాలుగేళ్లప్పుడు మా వీధిలో ఒక పెళ్లయిన అమ్మాయి పుట్టింటికి వచ్చి ఉండగా చనిపోయింది. తెల్లవారుజామున మోట బావిలో శవం కనిపించింది. ఊరంతా చేరింది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అంతకు ముందు రోజే నేను ఒక యుగంధర్ నవల ముగించి ఉన్నాను. గట్టు మీద అడుగుజాడలు ఎన్ని ఉన్నాయో, చెప్పులు ఎటువైపు ఉన్నాయో చూస్తూ బావి చుట్టూ తిరిగాను. చివరికి మా పెద్దమ్మ దగ్గరికి వచ్చి, రాత్రి ఆమెను చివరగా చూసింది ఎవరని అడిగాను. పెద్దమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసి, 'సచ్చిపోయిండేది మనిసి నాయనా, కత గాదు' అన్నది.

ఆ మాట యాభై ఏళ్లుగా నాతో ఉంది. డిటెక్టివ్ నవల మీద నేను చదివిన విమర్శలలో ఇంతకన్నా సూటియైనది నాకు కనబడలేదు. ఆ నవలలో శవం ఆరంభం మాత్రమే. మొదటి ప్రకరణంలో మనిషి చనిపోకపోతే పాఠకుడికి విసుగు. చనిపోయినవాడి కోసం ఎవరైనా ఎక్కువసేపు ఏడిస్తే కథకు ఆటంకం. అందుకే మృతుడు తరచు పిసినారి, వ్యభిచారి, బెదిరింపులతో డబ్బు గుంజేవాడు అయి ఉంటాడు. అతని మరణం మనలను కలవరపెట్టకూడదు, కుతూహలపెట్టాలి. అంటే ఆ నవల మరణాన్ని దుఃఖం నుంచి విడదీసి మన ముందు పెడుతుంది. వందల పుస్తకాలలో ఆ విడదీతకు అలవాటు పడిన కళ్లు, ఆనాడు బావి గట్టు మీద ఒక మనిషిని చూడలేదు, ఆధారాలను చూశాయి. హాస్యానికో కాలక్షేపానికో చదివినవి మనస్సును తాకకుండా పోతాయని అనుకోవడం పొరపాటు. మనం దేనిని గమనించాలో, దేనిని వదిలివేయాలో అవి కూడా నేర్పుతాయి.

ఇక్కడితో ఆగితే తీర్పు సులభం. కాని ఆ మరణం అక్కడితో ఆగలేదు. కడుపునొప్పి తాళలేక అలా చేసిందని ఊరు నిర్ణయించింది. గాలి సోకిందని కొందరు అన్నారు. కాగితాలలోనూ కడుపునొప్పే రాశారని తరువాత విన్నాను. పదిరోజుల ఏడుపు తరువాత ఎవరూ ఏమీ అడగలేదు. ఎన్నో ఏళ్లకు, పెద్దమ్మ ముసలితనంలో ఒకనాడు తనంతట తానే చెప్పింది. ఆ అమ్మాయి చనిపోవడానికి వారం ముందు మా ఇంటికి వచ్చిందట. అత్తవారింటికి తిరిగి పంపవద్దని తన తండ్రికి చెప్పమని మా పెద్దలను బతిమాలిందట. సర్దుకుపొమ్మని చెప్పి పంపారట.

అంటే నేను బావి గట్టు మీద వెదికిన జాడలు మా గడప దాకా వచ్చి ఉన్నాయి. 'చివరగా చూసింది ఎవరు' అన్న నా ప్రశ్న దుర్మార్గమైన వేళలో, దుర్మార్గమైన కుతూహలంతో అడిగినది. అయినా అది సరైన ప్రశ్న. ఆ ప్రశ్నను తగిన వేళలో, తగిన మనస్సుతో, తగినవారు ఎవరో ఒకరు అడిగి ఉండవలసింది. అడగకపోవడం వల్ల ఆ అమ్మాయికి రెండవసారి అన్యాయం జరిగింది. పెద్దమ్మ నన్ను మందలించడంలో కరుణ ఉంది. ఆ కరుణలోనే, ఆమెకు తెలిసో తెలియకో, ప్రశ్నను ఆపే శక్తి కూడా ఉంది. నవల నాకు దుఃఖం లేని విచారణను నేర్పింది. ఊరు విచారణ లేని దుఃఖాన్ని పాటించింది. ఈ రెండూ అసంపూర్ణాలే. నా కృతజ్ఞతకూ నా సంకోచానికీ మూలాలు వేరు వేరు పుస్తకాలలో లేవు. ఒకే పుస్తకం నేర్పిన ఒకే ప్రశ్నలో ఉన్నాయి.

దోషి ఒక్కడే అన్న నమ్మకం

అయితే నవల నేర్పిన విచారణలోనూ ఒక పరిమితి ఉంది. దానిని ఆంగ్ల కవి ఆడెన్ బాగా గుర్తించారు. డిటెక్టివ్ కథలు తనకు పొగాకు, మద్యం వంటి వ్యసనమని 1948లో ఒక వ్యాసంలో ఒప్పుకొని, ఆ వ్యసనానికి కారణం వెదికారు. అందరి మీదా అనుమానం కమ్ముకున్న లోకంలో ఒక్క దోషి బయటపడగానే మిగిలినవారందరూ నిర్దోషులవుతారు. పాఠకుడూ వారితోపాటు నిర్దోషి అవుతాడు. ఆ ఊరట కోసమే మనం మళ్లీ మళ్లీ ఆ పుస్తకాలను పట్టుకుంటామన్నది ఆయన ఆలోచన సారం.

మా వీధి మరణానికి ఈ నమూనా సరిపోదు. అక్కడ దోషి ఒక్కడు కాదు. కొట్టినవాడు ఉన్నాడు, కట్నం మిగులు అడిగినవారు ఉన్నారు, పరువు లెక్కచూసిన తండ్రి ఉన్నాడు, సర్దుకుపొమ్మన్న మా ఇల్లు ఉంది, కడుపునొప్పి అని రాసిన చెయ్యి ఉంది. యుగంధర్ వచ్చి ఉంటే చివరి ప్రకరణంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఎవరి వైపు వేలు చూపేవాడు? గ్రీకు నాటకంలో ఈడిపస్ పరిశోధన చివరకు అతని దగ్గరికే వచ్చి ఆగుతుంది. నిజమైన విచారణకు ఆ అవకాశం ఎప్పుడూ తెరిచి ఉంటుంది. జనరంజక నవల మాత్రం పాఠకుడికి ఆ ప్రమాదం రాకుండా చూసుకుంటుంది.

ఆ ప్రమాదాన్ని నాకు మొదట తెచ్చిపెట్టినది ఈ జిల్లా కథే. దామలచెరువులో ఉపాధ్యాయులుగా ఉండి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మధురాంతకం రాజారాం (1930-1999) కథలలో కరవు, బీదరికం, మాట తప్పడం, మెల్లగా జరిగే మోసం ఉంటాయి. హాని ఉంటుంది, సంకెళ్లు పడవు. ఎవరి తప్పు అని పాఠకుడు వెదుకుతాడు. తప్పు పంచుకున్నవారు చాలామంది కనిపిస్తారు. వారిలో తనవంటివారూ కనిపిస్తారు. రాజారాంను చదివేటప్పుడు వివరాలను పట్టుకునే నా పద్ధతి యుగంధర్ నేర్పినదే. చదివిన తరువాత ఆ వివరాలతో ఏమి చేయాలో నేర్పినది రాజారాం. ఒకరిని చూపి మరొకరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మొదటివారు లేకుండా రెండవవారి దగ్గరికి నేను చేరేవాడినా అన్నది నాకు తేలని విషయం.

జనరంజక నవలలోని దోషాన్ని ఎత్తి చూపడం తప్పు అని ఎవరూ అనుకోనక్కరలేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఎనభైల తొలినాళ్లలో పాఠకులను ఊపివేసినప్పుడు, క్షుద్రశక్తుల మీద నమ్మకాన్ని అది పెంచుతుందని రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని తీవ్రమైన విమర్శ రాశారు. ఆమె స్వరంతో ఏకీభవించనివారు ఉండవచ్చు. నేను గమనించవలసిందిగా కోరేది ఒక్కటే. ఆమె ఆ నవలను పూర్తిగా చదివారు, దాని పాఠకులను బాధ్యత గల మనుషులుగా భావించారు, వారితో వాదించారు. అదే నవలను చదవకుండానే నవ్వి ఊరుకున్న పండితులు వారిని వాదించదగినవారిగా కూడా గుర్తించలేదు. తీవ్రమైన ఖండనలో గౌరవం ఉంటుంది. చిరునవ్వులో అది ఉండదు.

ఉపసంహారం

ఈ విచారణలో తేలిన విషయాలను క్రోడీకరించుకుంటే, పాఠకుడి సంకోచంలో రెండు పొరలు ఉన్నాయి. హోదా భయం వల్ల పుట్టిన పై పొరను వదులుకోవాలి. కథాకల్పనను గౌరవించిన కట్టమంచి, ఖూనీ కేసును నాటకం నడుమ నిలిపిన గురజాడ, రెండు చేతులతోనూ రాసిన ఆరుద్ర అందుకు మనకు తోడు ఉన్నారు. మరణాన్ని దుఃఖం నుంచి, దోషాన్ని తన నుంచి విడదీసి చూడడానికి అలవాటు పడ్డానన్న ఎరుక నుంచి పుట్టినది లోపలి పొర. దానిని వదులుకోకూడదు. దానిని దాచుకోకుండా విమర్శ పద్ధతిగా మార్చుకోవాలి. ఒక పుస్తకం ఏ తరగతికి చెందినదని అడగడానికి ముందు, అది నన్ను దేనిని ప్రశ్నించమన్నది, ఎవరి కోసం దుఃఖించనక్కరలేదన్నది, చివరకు ఎవరిని నిర్దోషిగా వదిలిపెట్టింది అని అడగవచ్చు. ఈ మూడు ప్రశ్నలు డిటెక్టివ్ నవలకు ఎంత వర్తిస్తాయో ప్రబంధానికీ, అభ్యుదయ కథకూ, మన పరిశోధన వ్యాసాలకూ అంతే వర్తిస్తాయి.

ఆచరణలో చేయవలసినవీ కొన్ని ఉన్నాయి. నాసిరకం కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకాలు పొడిగా రాలిపోతున్నాయి. వాటిని అద్దెకిచ్చిన అంగళ్లు మూతపడ్డాయి. అక్కడ చదువు నేర్చుకున్న తరం వృద్ధాప్యంలో ఉంది. ఎవరు ఏమి చదివారో, ఎవరి దగ్గర దాచి చదివారో, ఆ చదువు వారిని ఎక్కడికి చేర్చిందో అడిగి రాసుకోవడం పరిశోధనే. సాక్ష్యం సేకరించడానికి ఇంకా వ్యవధి ఉంది, చాలా లేదు.

ఆనాటి మౌఖిక పరీక్షలో మేము సాక్షి చేత సాక్ష్యం మార్పించాము. అందుకు చట్టంలో శిక్ష ఉంది, విశ్వవిద్యాలయాలలో లేదు. ఆ విద్యార్థిని ఇప్పుడు ఒక కళాశాలలో తెలుగు చెబుతున్నదని విన్నాను. ఆమె తరగతిలో ఎవరైనా ఒక పిల్ల లేచి, తాను మొదట చదివింది ఒక డిటెక్టివ్ పుస్తకమని చెబితే ఆమె ఏమి చేస్తుందో నాకు తెలియదు. నవ్వకుండా, ఏ పుస్తకమమ్మా, అందులో నీకు ఏమి నచ్చింది, చచ్చిపోయినవారి గురించి ఎవరైనా ఏడ్చారా అని అడుగుతుందని ఆశ. నేను ఆనాడు అడగవలసిన ప్రశ్నలు అవే.